సైట్‌ని వైట్‌లిస్ట్‌లో పెట్టినా పేమెంట్ పేజీ తెల్లగానే ఉంటోంది: యాడ్ బ్లాకర్ మినహాయింపులు ఎలా రాయాలి?

ద్వారకానగర్_నెట్ | రాత్రి 8:42

అందరికీ నమస్కారం. నెట్ సెంటర్‌లో 9 సిస్టమ్‌లు. ఆరింటిలో ఫైర్‌ఫాక్స్ మీద యూబ్లాక్ ఆరిజిన్, రెండింటిలో క్రోమ్ మీద యూబ్లాక్ ఆరిజిన్ లైట్, ఒకదానిలో యాడ్‌బ్లాక్ ప్లస్. పన్నులు, పరీక్ష ఫీజులు కట్టడానికి వచ్చేవాళ్లే ఎక్కువ.

పన్ను సైట్ హోమ్ పేజీలో పెద్ద పవర్ బటన్ నొక్కి బ్లాకర్ ఆపేశాం. ఆ పేరు వైట్‌లిస్ట్‌లో, అంటే బ్లాకర్ ముట్టుకోని సైట్ల జాబితాలో, చేరింది కూడా. అయినా 'చెల్లించు' నొక్కాక వేరే సైట్‌కి వెళ్లి తెల్ల పేజీ, మధ్యలో చక్రం తిరుగుతూ ఆగిపోతోంది. ఎక్స్‌టెన్షన్ పూర్తిగా తీసేస్తే డబ్బు కట్టడం అయిపోతోంది. తీసేసి వదిలేస్తే ఇక్కడికొచ్చే జనం ఏ 'డౌన్‌లోడ్' బటన్ మీద పడతారో తెలీదు.

అడిగేవి మూడు. వైట్‌లిస్ట్‌లో ఉన్నా ఎందుకు ఆగుతోంది? బ్లాకర్ తియ్యకుండా దారి ఏమిటి? ఒకచోట సరిచేశాక మిగతా సిస్టమ్‌లకి ఎలా పంచాలి? ఇంకొకటి: ఊళ్లోని ఒక వార్తల సైట్‌కి ప్రకటనలు కనిపించనివ్వాలని ఉంది, అదెలా?

వేదిక_నిర్వాహకుడు | రాత్రి 8:50

జవాబులు రాసేవాళ్లకి గుర్తుచేస్తున్నా, ఇక్కడ అంతా తెలుగు లిపిలోనే. ఫిల్టర్ పంక్తులు కూడా తెలుగు అక్షరాల్లోనే రాయండి. చదివేవాళ్లు మాత్రం స్క్రిప్ట్, డొమైన్ లాంటి మాటల్ని సెట్టింగ్స్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, చిహ్నాలు ఉన్నవి ఉన్నట్టే. అసలు సైట్ల పేర్లు వద్దు, చివర '.ఉదా' పెట్టుకోండి.

కంచరపాలెం_గేటు | రాత్రి 8:58

చిన్న పనే గురూ. యూబ్లాక్ సెట్టింగ్స్‌లో 'మై ఫిల్టర్స్'లో ఇది పడేయండి:

@@||చెల్లింపు.ఉదా^

రెండు @ గుర్తులుంటే 'ఆపకు' అని అర్థం. అప్లై చేంజెస్ నొక్కి, పేజీ రీలోడ్ చెయ్యండి. అయిపోద్ది.

డాల్ఫిన్స్‌నోస్ | రాత్రి 9:21

అయిపోదు గేటు గారూ. ఎందుకో చెప్పాలంటే మొదటి ప్రశ్న దగ్గరికే వెళ్లాలి.

యూబ్లాక్‌లో 'ట్రస్టెడ్ సైట్స్' జాబితా (పాత పేరు వైట్‌లిస్ట్) చూసేది ఒక్కటే: ఆ ట్యాబ్‌లో పైన అడ్రస్ బార్‌లో ఏ పేరు ఉంది? ఆ పేరు జాబితాలో ఉంటే ఆ పేజీ ఎక్కడినుంచి ఏం తెచ్చుకున్నా వదిలేస్తుంది, లోపలి ఫ్రేములతో (పేజీలో పేజీగా తెరుచుకునే పెట్టెలతో) సహా. పేరు మారిందా, నమ్మకం అక్కడితో సరి. పన్ను.ఉదా నుంచి చెల్లింపు.ఉదాకి ట్యాబ్ మళ్లిన క్షణంలో బ్లాకర్ మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. అదే పేమెంట్ పెట్టె పన్ను.ఉదా పేజీలోనే చిన్న ఫ్రేముగా తెరుచుకుని ఉంటే మీకు ఈ ఇబ్బంది వచ్చేదే కాదు.

@@ తో మొదలయ్యే మినహాయింపు ఫిల్టర్ సంగతి వేరు. అది చూసేది బయటికి వెళ్లే రిక్వెస్ట్ ఏ చిరునామాకి వెళ్తోందని. గేటు గారి పంక్తి చెల్లింపు.ఉదాకి వెళ్లే రిక్వెస్ట్‌లని మాత్రమే వదులుతుంది. చెల్లింపు.ఉదా పేజీ ఇంకో మూడో కంపెనీ నుంచి స్క్రిప్ట్ అడిగితే అది ఆగుతూనే ఉంటుంది. పైగా ఆ పంక్తికి హద్దు లేదు, ప్రపంచంలో ఏ సైట్ నుంచి చెల్లింపు.ఉదాకి వెళ్లినా వదిలేస్తుంది.

బ్యాంకు, గేట్‌వే (డబ్బు కట్టించుకునే మధ్య సైట్) పేజీల్లో తరచు ఆగేది మోసాల్ని పట్టుకునే స్క్రిప్ట్. వచ్చిన కంప్యూటర్ ఏదో గుర్తుపట్టడానికి స్క్రీన్ కొలత, ఫాంట్లు, టైమ్ జోన్ లాంటివి పోగుచేస్తుంది. ట్రాకర్లూ అదే పని చేస్తాయి కాబట్టి అలాంటివి ఈజీప్రైవసీ లాంటి జాబితాలకి చిక్కుతుంటాయి. పేజీ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, రాదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఊహలు ఆపి లాగర్ చూడండి:

తెల్ల పేజీ ఉన్న ట్యాబ్‌లో యూబ్లాక్ బొమ్మ నొక్కితే కింద వరుసలో జాబితా గుర్తు కనిపిస్తుంది. అదే లాగర్, విడిగా తెరుచుకుంటుంది. అది తెరిచి ఉంచి చెల్లింపు మళ్లీ మొదటినుంచి చెయ్యండి. తెల్ల పేజీని రీలోడ్ చేస్తే సెషన్ పోయి వేరే తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. లాగర్‌లో '--' ఉన్న ఎర్ర వరుసలు ఆపినవి, '++' ఉన్న ఆకుపచ్చవి మినహాయింపు దొరికినవి, '<<' ఉన్నవి అసలు ఫైలు బదులు ఉత్తుత్తి ఫైలు ఇచ్చినవి. ఎర్ర వరుస మీద నొక్కితే ఏ ఫిల్టర్ ఆపింది, అది ఏ జాబితాలోది, రెండూ వస్తాయి. అవి ఇక్కడ పెట్టండి.

ద్వారకానగర్_నెట్ | రాత్రి 9:48

చేశాను. ఎర్ర వరుసలు మూడు, మూడూ ఒకే చిరునామావి. ఫిల్టర్: ||పరికరం.ఉదా^$థర్డ్‌పార్టీ. జాబితా ఈజీప్రైవసీ. రకం గడిలో రెండు స్క్రిప్ట్, ఒకటి ఎక్స్‌హెచ్‌ఆర్ (పేజీ వెనకనుంచి డేటా కోసం పంపే రిక్వెస్ట్).

డాల్ఫిన్స్‌నోస్ | రాత్రి 10:05

అయితే రాయాల్సింది ఇది:

! పన్ను చెల్లింపు, గేట్‌వే పేజీ కోసం
@@||పరికరం.ఉదా^$స్క్రిప్ట్,ఎక్స్‌హెచ్‌ఆర్,డొమైన్=చెల్లింపు.ఉదా

ముక్కలుగా చెప్తా.

|| అంటే డొమైన్ పేరు ఇక్కడ మొదలవుతుంది, ముందు ఏ సబ్‌డొమైన్ ఉన్నా ఫర్వాలేదు. ^ అంటే పేరు ఇక్కడ తెగాలి: వాలుగీత, కోలన్, ప్రశ్నార్థకం లాంటి గుర్తు గానీ, చిరునామా చివర గానీ. ఈ టోపీ మర్చిపోతే ||పరికరం.ఉదా అనేది పరికరం.ఉదారం అనే వేరేవాళ్ల సైట్‌కీ తగులుతుంది. ఆపే ఫిల్టర్‌లో ఆ తప్పు చికాకుతో పోతుంది. వదిలే ఫిల్టర్‌లో అయితే తలుపు తీసి పెట్టినట్టే.

$ తర్వాతవి హద్దులు. స్క్రిప్ట్, ఎక్స్‌హెచ్‌ఆర్ అన్నాం కాబట్టి అదే చిరునామా నుంచి బొమ్మలు, ఫ్రేములు వస్తే ఆగుతాయి. డొమైన్= అన్నది రిక్వెస్ట్ ఎవరు పంపారో చెప్తుంది. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఫ్రేము లోపలినుంచి రిక్వెస్ట్ వెళ్తే డొమైన్=లో రాయాల్సింది ఆ ఫ్రేము పేరు, అడ్రస్ బార్‌లోని పేరు కాదు. ట్రస్టెడ్ సైట్స్‌కి పైనున్న పేరు, డొమైన్=కి లోపలి పేరు. ఈ రెంటినీ కలగలిపేసి 'ఫిల్టర్ పని చెయ్యట్లేదు' అంటారు.

చేత్తో రాయడం ఇష్టం లేకపోతే లాగర్‌లో ఎర్ర వరుస నొక్కాక 'స్టాటిక్ ఫిల్టర్' ట్యాబ్ ఉంటుంది. ఒక వాక్యంలా ఉండి, మధ్యమధ్య ఎంచుకునే పెట్టెలు: ఆపాలా వదలాలా, ఏ రకం, ఏ చిరునామా, ఎక్కడినుంచి. ఎంచుకుని 'క్రియేట్' నొక్కితే మై ఫిల్టర్స్‌లో చేరుతుంది.

కంచరపాలెం_గేటు | రాత్రి 10:11

ఒప్పుకున్నా. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకునేవాళ్ల పార్టీ మాది. 😅 మరి ఇంత తిప్పలు ఎందుకు, చెల్లింపు.ఉదానే ట్రస్టెడ్ సైట్స్‌లో రాసేస్తే పోలా?

డాల్ఫిన్స్‌నోస్ | రాత్రి 10:19

నిజం చెప్పాలంటే, పేమెంట్ గేట్‌వే వరకు అదే మంచిది. అక్కడ ప్రకటనలు ఉండవు, పేజీలో నిలిచేది రెండు నిమిషాలు, రేపు వాళ్లు ఇంకో కొత్త స్క్రిప్ట్ తగిలించినా మీ పని ఆగదు. పై పంక్తి వార్తలు, వీడియోలు, ఫోరమ్‌ల లాంటి చోట్ల వాడాలి, మొత్తం తలుపు తెరిస్తే ఇల్లు నిండే చోట.

ట్రస్టెడ్ సైట్స్‌లో రాసేటప్పుడు:

పవర్ బటన్ మామూలుగా నొక్కితే అప్పుడున్న పూర్తి హోస్ట్ పేరు చేరుతుంది. మూడు డబ్ల్యూలతో ఉన్న పేజీలో నొక్కితే ఆ డబ్ల్యూలతో సహా. అప్పుడు కట్టు.పన్ను.ఉదా అనే సబ్‌డొమైన్‌కి వర్తించదు. ముందు భాగం తీసేసి పన్ను.ఉదా అని ఉంచితే కింది సబ్‌డొమైన్‌లన్నీ దాని కిందికి వస్తాయి.

కంట్రోల్ పట్టుకుని పవర్ బటన్ నొక్కితే ఆ ఒక్క పేజీకే. కానీ చేరేది పూర్తి చిరునామా, ప్రశ్నార్థకం తర్వాతి సెషన్ నంబర్‌తో సహా. రేపు సెషన్ నంబర్ మారుతుంది, పంక్తి శిలాఫలకంలా పడి ఉంటుంది. తోక తీసేసి నక్షత్రం పెట్టాలి: https కోలన్ రెండు వాలుగీతలు, ఆపైన కట్టు.పన్ను.ఉదా/రశీదు/*

ఆ పెట్టెలో వ్యాఖ్య రాయాలంటే ముందు #, మై ఫిల్టర్స్‌లో అయితే !. @@|| పంక్తుల్ని ట్రస్టెడ్ సైట్స్ పెట్టెలో అతికించొద్దు, అక్కడ చెల్లవు. రెండు చోట్లా 'అప్లై చేంజెస్' నొక్కేదాకా ఏదీ అమల్లోకి రాదు.

గాజువాక_జంక్షన్ | రాత్రి 10:27

ప్రభుత్వ సైట్లన్నిటికీ కలిపి గవ్.ఇన్ అని ఒక్క ముక్క పెట్టేస్తే?

డాల్ఫిన్స్‌నోస్ | రాత్రి 10:33

పని చేస్తుంది, నష్టమూ తక్కువే, ఆ సైట్లలో ప్రకటనలు లేవు కదా. కానీ ఈ సమస్యకి అది మందు కాదు. డబ్బు కట్టే పేజీ గవ్.ఇన్ కింద లేదు, అందుకే కదా ఇంత చర్చ. తప్పుడు పేరుతో ఫారం అమ్మే సైట్లు కూడా దాని కింద ఉండవు కాబట్టి వాటిమీద బ్లాకర్ యథాప్రకారం ఉంటుంది, అది మంచిదే. గవ్.ఇన్ అనబోయి చుక్కకి అటూ ఇటూ ఏదో పోగొట్టి 'ఇన్' ఒక్కటే మిగిల్చకండి.

సింహగిరి_మెట్లు | రాత్రి 10:52

యాడ్‌బ్లాక్ ప్లస్ ఉన్న సిస్టమ్ గురించి ఎవరూ అనలేదు. అక్కడ సెట్టింగ్స్‌లో అలౌలిస్ట్ అయిన సైట్ల ట్యాబ్ ఉంది. పేరు చేరిస్తే లోపల అది రాసుకునేది @@||పేరు^$డాక్యుమెంట్ అనే ఫిల్టరే, అంటే ఆ పేజీ మొత్తానికి సెలవు. గేట్‌వేకి కూడా వేరుగా చేర్చాలి, కారణం పైన చెప్పిందే.

అయితే దానిలో మీరు రాయని వైట్‌లిస్ట్ ఒకటి ముందే ఉంటుంది. 'యాక్సెప్టబుల్ యాడ్స్', 2011 నుంచి ఉన్నది, ఎక్స్‌టెన్షన్ పెట్టిన రోజే టిక్ కొట్టి ఉంటుంది. కొలతలు పెట్టారు: మడతకి పైన, అంటే స్క్రోల్ చెయ్యకముందు కనిపించే భాగంలో, ప్రకటనలన్నీ కలిపి 15 శాతం మించకూడదు. కింద అయితే 25. చదివే పాఠం మధ్యలో అడ్డం పడకూడదు, ప్రకటన అని స్పష్టంగా రాసి ఉండాలి. పెద్ద కంపెనీలు దీనికి రుసుము కడతాయి: ఈ ఏర్పాటువల్ల నెలకి కోటికి మించి అదనపు ప్రదర్శనలు దొరికేవాళ్ల దగ్గర, అలా వచ్చే అదనపు రాబడిలో మామూలుగా 30 శాతం. జర్మనీలో ఒక పెద్ద పత్రికా సంస్థ దీనిమీద కోర్టుకి వెళ్తే 2018 ఏప్రిల్‌లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానం ఎక్స్‌టెన్షన్ వైపే చెప్పింది.

నా మాటలో, వచ్చిపోయేవాళ్లు కూర్చునే సిస్టమ్‌లో ఆ టిక్ తీసెయ్యండి. ఎవరికి మినహాయింపు ఇచ్చారో మీకు తెలిసి ఉండాలి. ఉంచుకునే ఉద్దేశం ఉంటే కిందే 'మూడో పక్షం ట్రాకింగ్ లేనివి మాత్రమే' అనే చిన్న టిక్ ఉంది. 'డు నాట్ ట్రాక్' (నన్ను ట్రాక్ చెయ్యొద్దని సైట్లకి చెప్పే సెట్టింగ్) ఉన్న బ్రౌజర్‌లో అది కూడా వేస్తేనే దానికి అర్థం.

పెదవాల్తేరు | రాత్రి 11:04

రుసుము కడితే వదలడాన్ని మా వైపు టోల్ గేటు అంటారు. అంతకుమించి అననులే.

సింహగిరి_మెట్లు | రాత్రి 11:08

చిన్న సైట్లకి టోల్ లేదు మాస్టారూ, పేరు ఇచ్చుకుంటే చాలు. అయినా మీ మాట కొట్టిపారేసేది కాదు. అందుకే టిక్ తియ్యమన్నా.

మధురవాడ_మిడ్‌నైట్ | రాత్రి 11:40

క్రోమ్ రెండు సిస్టమ్‌ల గురించి. 2025లో క్రోమ్ 139తో పాత తరం ఎక్స్‌టెన్షన్లకి దారి పూర్తిగా మూసేశారు, అందుకే లైట్. లైట్‌లో లెక్క వేరు: పవర్ బటన్ స్థానంలో స్లైడర్, నాలుగు మెట్లు: వడపోత లేదు, బేసిక్, ఆప్టిమల్, కంప్లీట్. చెల్లింపు.ఉదా పేజీలో నిలబడి ఎడమ చివరికి జరిపితే ఆ సైట్‌కి వైట్‌లిస్ట్ అయినట్టే. ముందే రాసిపెట్టాలంటే ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో వడపోత లేని సైట్ల జాబితాలో పేరు కొట్టొచ్చు.

మెట్టు పెంచితే సమస్య తీరుతుందని కొందరు కంప్లీట్‌లో పెడతారు. అది ఎక్కువ ఆపడానికి, మీకు కావాల్సింది దానికి విరుద్ధం.

క్రోమ్ కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ తనే రిక్వెస్ట్ చూసి తేల్చదు, నియమాల పట్టీ బ్రౌజర్‌కి ఇస్తే బ్రౌజర్ తేలుస్తుంది. ఒకే ప్రాధాన్యంలో 'వదులు', 'ఆపు' ఎదురైతే 'వదులు'దే గెలుపు. లైట్‌లో ఫిల్టర్ జాబితాలు ఎక్స్‌టెన్షన్ ప్యాకెట్‌లోనే కట్టి వస్తాయి. పై జాబితాలో ఎవరైనా ఈరోజు తప్పు సరిదిద్దినా కొత్త వెర్షన్ వచ్చేదాకా మీకు అందదు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్‌కి 'అప్‌డేట్ నౌ' కొడితే చాలు.

ఆపింది ఎవరో క్రోమ్‌లో తెలుసుకోవాలంటే ఎఫ్12, నెట్‌వర్క్ ట్యాబ్. 'బ్లాక్డ్ బై క్లయింట్' అని ఉంటే ఏదో ఎక్స్‌టెన్షన్ పనే. 'నేమ్ నాట్ రిజాల్వ్డ్' అంటే పేరే దొరకలేదు, ఎక్స్‌టెన్షన్‌తో పేచీ వద్దు.

ద్వారకానగర్_నెట్ | మర్నాడు ఉదయం 10:15

చెల్లింపు.ఉదాని ట్రస్టెడ్ సైట్స్‌లో చేర్చాక ఫైర్‌ఫాక్స్ అయిదింటిలో వెంటనే పని అయింది. క్రోమ్ రెండూ సరే. ప్లస్ ఉన్నదీ సరే. 6వ నంబర్ సిస్టమ్ మాత్రం మొండికేసింది. ఫైర్‌ఫాక్సే, అవే సెట్టింగ్స్. యూబ్లాక్ బొమ్మ మీద అంకె సున్నా, లాగర్‌లో ఎర్ర వరుస ఒక్కటీ లేదు, పేజీ మాత్రం తెల్లగా.

ముడసర్లోవ | ఉదయం 10:32

లాగర్‌లో ఎరుపు లేదంటే యూబ్లాక్‌ని వదిలెయ్యండి. కింది పొరలు చూడాలి.

మొదటిది ఫైర్‌ఫాక్స్ సొంత కాపలా. అడ్రస్ బార్‌లో ఎడమ పక్క డాలు బొమ్మ. 'స్ట్రిక్ట్'లో ఉంటే అది కూడా ట్రాకర్లని ఆపుతుంది, దాని మినహాయింపులు వేరే జాబితా. ఆ పేజీలో డాలు నొక్కి స్విచ్ తీసి చూడండి. ఎక్స్‌టెన్షన్ వైట్‌లిస్ట్‌కీ దీనికీ చుట్టరికం లేదు.

రెండోది ఇంకో ఎక్స్‌టెన్షన్. ఇద్దరు బ్లాకర్లు ఉంటే ఒకరు వదిలినా రెండోవాడు ఆపుతాడు. ఎఫ్12 నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆగిన వరుస పక్కన ఏ ఎక్స్‌టెన్షన్ ఆపిందో ఫైర్‌ఫాక్స్ పేరుతో సహా రాస్తుంది.

మూడోది డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరుకి ఐపీ నంబరు చెప్పే సేవ. నాకు దీనిమీదే అనుమానం. ఆ వరుసలో 'అన్‌నోన్ హోస్ట్' అని ఉందా?

ద్వారకానగర్_నెట్ | ఉదయం 10:47

ఉంది! పరికరం.ఉదా పక్కనే. కానీ రౌటర్ అన్నిటికీ ఒకటే కదా, ఇది ఒక్కదానికే ఎందుకు?

ముడసర్లోవ | ఉదయం 10:55

ఆ ఫైర్‌ఫాక్స్ రౌటర్ని అడగడం లేదన్నమాట. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అట్టడుగుకి వెళ్తే 'డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్'. ఎవరో ప్రకటనలు ఆపే సర్వర్ చిరునామా అక్కడ కస్టమ్‌గా రాసి ఉంటారు. పేరుకి ఐపీ నంబరే ఇవ్వకపోతే ఎక్స్‌టెన్షన్ ఎంత వదిలినా వెళ్లే ఊరే లేదు.

అక్కడే 'మేనేజ్ ఎక్సెప్షన్స్' ఉంది. పరికరం.ఉదా చేర్చండి, ఆ ఒక్క పేరుకి మామూలు డీఎన్‌ఎస్ వాడుతుంది. బ్రౌజర్ మూసి తెరవండి, పాత జవాబు గుర్తుపెట్టుకుని ఉంటుంది.

ఫోన్లలో ఇదే తంతు. ఆండ్రాయిడ్ 9 నుంచి 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' ఉంది, అందులో ప్రకటనలు ఆపే సర్వర్ పెట్టుకున్నవాళ్లకి సైట్లవారీ మినహాయింపు ఫోన్‌లో ఎక్కడా రాయలేం. ఆ సర్వర్ సేవలో ఖాతా ఉంటే అక్కడ రాసుకోవాలి, లేదంటే డబ్బు కట్టేంతసేపు 'ఆటోమేటిక్'లోకి మార్చుకోవడమే.

ద్వారకానగర్_నెట్ | ఉదయం 11:20

అదే దొంగ. దొరికింది, కట్టడం అయింది. ఇక వార్తల సైట్ సంగతి, పంచడం సంగతి.

పెదవాల్తేరు | ఉదయం 11:41

వార్తల సైట్‌ని ట్రస్టెడ్‌లో పెట్టేముందు ఒక్కటి తెలుసుకోండి. ప్రకటన ఒక్కటే రాదు, దానితోపాటు వేలం వేసే సర్వర్లు, లెక్కపెట్టే స్క్రిప్ట్‌లు వరసగా వస్తాయి. ఆ ప్రకటన ఏదో పత్రికవాళ్లు కూడా ముందు చూడరు. మీ కుర్చీలో కూర్చునేవాడు 'మీ కంప్యూటర్‌కి వైరస్' అన్న పెట్టె మీద నొక్కితే బాధ్యత మీది. సొంత ల్యాప్‌టాప్‌లో వదలండి, నెట్ సెంటర్‌లో వద్దు. పత్రిక బతకాలంటే చందా కట్టడం ఇంకా మేలు.

డాల్ఫిన్స్‌నోస్ | ఉదయం 11:58

వద్దనే నా మాట కూడా. సొంత మెషీన్‌లో అయితే మధ్యదారి ఒకటుంది: ఆ పత్రిక తన సర్వర్ నుంచే ఇచ్చే ప్రకటనలు. ఊళ్లోని నగల కొట్టు, కోచింగ్ సెంటర్ బ్యానర్లు చాలావరకు అలాంటివే. వాటిని దాచేది నెట్‌వర్క్ ఫిల్టర్ కాదు, కాస్మెటిక్ ఫిల్టర్. పేజీలో ఫలానా పేరున్న పెట్టె కనిపిస్తే మాయం చెయ్యమని. దాన్ని ఆపడానికి:

@@||పత్రిక.ఉదా^$జెనెరిక్‌హైడ్

అన్ని సైట్లకీ వర్తించే దాపరికాలు ఆ సైట్‌లో ఆగిపోతాయి. బయటి ప్రకటన సర్వర్లు, ట్రాకర్లు మాత్రం ఆగే ఉంటాయి. ఒక్క పెట్టె మాత్రమే కావాలంటే పత్రిక.ఉదా#@#.బ్యానర్ అని ఆ పెట్టె క్లాస్ పేరుతో రాయొచ్చు. దాచే ఫిల్టర్‌లో ## ఉంటుంది, మధ్యలో @ దూరిస్తే తిరగబడుతుంది.

ఇంకో ఉపయోగం: 'యాడ్ బ్లాకర్ తీసెయ్యండి' అని గోడ కట్టే సైట్లు కొన్ని, ఉత్తుత్తి ప్రకటన పెట్టె ఒకటి పెట్టి అది దాగిందా అని చూస్తాయి. జెనెరిక్‌హైడ్ మినహాయింపు ఇస్తే ఆ పెట్టె దాగదు, గోడ లేవదు. అన్నిచోట్లా కాదు. కొందరు స్క్రిప్ట్ లోడ్ అయిందా అని చూస్తారు, వాళ్లకి ఇది సరిపోదు.

కంచరపాలెం_గేటు | మధ్యాహ్నం 12:10

నాదొక సందేహం. @@ సరిగ్గా రాసినా లాగర్‌లో ఎర్రగానే ఉన్న సందర్భం ఉంది. అదేటి?

డాల్ఫిన్స్‌నోస్ | మధ్యాహ్నం 12:26

రెండు కారణాలు ఎక్కువ.

ఒకటి, ఆపే ఫిల్టర్ చివర ఇంపార్టెంట్ ఉంది. అది మామూలు మినహాయింపుల్ని లెక్కచెయ్యదు. అప్పుడు ఎదురు ఫిల్టర్ రాసే బదులు అసలు ఫిల్టర్‌నే రద్దు చెయ్యాలి: లాగర్ చూపించిన పంక్తిని అక్షరం పొల్లుపోకుండా రాసి, చివర ,బ్యాడ్‌ఫిల్టర్ చేర్చడం. అసలు పంక్తిలో $ లేకపోతే కామా బదులు $బ్యాడ్‌ఫిల్టర్. కానీ ఇది అన్ని సైట్లకీ రద్దు, జాగ్రత్త.

రెండోది, మీరు 'అడ్వాన్స్‌డ్ యూజర్' టిక్ పెట్టి మూడో పక్షం స్క్రిప్ట్‌ల గడిని ఎర్రగా నొక్కి ఉంటారు. ఆ డైనమిక్ నియమాలు జాబితాల్లో, మై ఫిల్టర్స్‌లో రాసి ఉండే స్టాటిక్ ఫిల్టర్లకంటే పైమెట్టు, @@ వాటిని దాటలేదు. ఆ సైట్ వరుసలో బూడిదరంగు నూప్ పెట్టాలి. పచ్చది పెట్టకండి. పచ్చ అంటే 'ఏం వచ్చినా వదులు', స్టాటిక్ జాబితాల మాట కూడా వినదు. బూడిద అంటే 'నేను అడ్డు తప్పుకుంటున్నా, మిగతాది జాబితాలు చూసుకుంటాయి'. చేశాక తాళం బొమ్మ నొక్కకపోతే బ్రౌజర్ మూసేసరికి పోతుంది.

గాజువాక_జంక్షన్ | మధ్యాహ్నం 12:34

ఓటీపీ కిటికీ తెరుచుకోకపోతే ఇవేవీ కాదు, పాపప్ నిరోధం. యూబ్లాక్ బొమ్మ కింద సైట్‌వారీ స్విచ్‌ల వరుసలో మొదటిది చూడండి. ఫైర్‌ఫాక్స్ సొంత పాపప్ నిరోధం వేరే, అడ్రస్ బార్ దగ్గర హెచ్చరిక వస్తుంది.

ముడసర్లోవ | మధ్యాహ్నం 1:05

పంచడానికి. యూబ్లాక్ సెట్టింగ్స్ మొదటి ట్యాబ్ అడుగున 'బ్యాకప్ టు ఫైల్', 'రిస్టోర్ ఫ్రమ్ ఫైల్' ఉన్నాయి. రిస్టోర్ మొత్తం చెరిపి కొత్తది రాస్తుంది. ఆరు సిస్టమ్‌లూ ఒకేలా ఉండాలంటే అదే మేలు. ఉన్నవాటికి కలపాలంటే ట్రస్టెడ్ సైట్స్, మై ఫిల్టర్స్ ట్యాబ్‌లలో 'ఇంపోర్ట్ అండ్ అపెండ్' ఉంది, పెన్‌డ్రైవ్‌లో టెక్స్ట్ ఫైలు పట్టుకెళ్లడమే.

తరచు మార్చేవైతే మీ @@ పంక్తులు ఒక టెక్స్ట్ ఫైలుగా ఏదైనా వెబ్ చిరునామాలో పెట్టి, ప్రతి సిస్టమ్‌లో ఫిల్టర్ లిస్ట్స్ చివర 'ఇంపోర్ట్'లో ఆ చిరునామా ఇవ్వండి. ఫైలు తలలో ! టైటిల్, ! ఎక్స్‌పైర్స్ అని కోలన్ పెట్టి రాస్తే దాని ప్రకారం అదే తెచ్చుకుంటుంది. ట్రస్టెడ్ సైట్స్ పెట్టెలో రాసే పేర్లు మాత్రం ఈ ఫైలులో పెట్టొద్దు. కస్టమర్లు సెట్టింగ్స్ కెలక్కుండా, ట్రస్టెడ్ పేర్లు కూడా పైనుంచే రుద్దాలంటే ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్‌లో 'డిస్ట్రిబ్యూషన్' అనే ఫోల్డర్ చేసి పాలసీ ఫైలు పెట్టే దారి ఉంది. 6 సిస్టమ్‌లకి అంత అక్కర్లేదు, కాలేజీ ల్యాబ్ అయితే చెప్పేవాణ్ణి.

ప్రైవేట్ విండోలు వాడతారు కదా, అక్కడ ఎక్స్‌టెన్షన్ నడవడానికి అనుమతి విడిగా ఇవ్వాలి. 'ప్రైవేట్ విండోలో పేమెంట్ అవుతోంది, మామూలుదాంట్లో కావట్లేదు' అనేవాళ్లకి కారణం చాలాసార్లు అదే, అక్కడ బ్లాకర్ లేనేలేదు.

ద్వారకానగర్_నెట్ | సాయంత్రం 5:30

ట్రస్టెడ్ పేర్లు ఫైలులో పెట్టొద్దన్నారు కదా, చెల్లింపు.ఉదాని అక్కడినుంచి తీసేసి @@ పంక్తితో ఫైలు తయారుచేశాను. పరీక్ష ఫీజుల గేట్‌వే కూడా అదే పరికరం.ఉదా వాడుతోందని లాగర్‌లో తేలింది, రెండూ కలిపి రాశాను. పంక్తి కింద మాత్రం ఎర్ర గీత వస్తోంది:

@@||పరికరం.ఉదా^$స్క్రిప్ట్,ఎక్స్‌హెచ్‌ఆర్,డొమైన్=చెల్లింపు.ఉదా,ఫీజు.ఉదా

మధురవాడ_మిడ్‌నైట్ | సాయంత్రం 5:36

డొమైన్= తర్వాత రెండు పేర్ల మధ్య కామా కాదు, నిలువు గీత |. కామా పెడితే ఫీజు.ఉదా అనేది ఇంకో ఆప్షన్ అనుకుని పంక్తి మొత్తం చెల్లదంటుంది.

ద్వారకానగర్_నెట్ | సాయంత్రం 5:44

మార్చాను, ఎర్ర గీత పోయింది. లాగర్‌లో మూడు వరుసలూ ఇప్పుడు ++ పచ్చ.